ఐదు వేలు, ఒక జాబితా

డిసెంబర్‌లో భవానీ దీక్షల విరమణ రోజుల్లో తెల్లవారుజామున విజయవాడ దుర్గాఘాట్‌కి వెళ్తే, అమ్మవారి కంటే ముందు మున్సిపాలిటీ దర్శనమవుతుంది. స్నానం చేసిన భవానీలు ఎర్రబట్టలు మెట్ల మీదే వదిలేసి కొండెక్కుతారు. తడిసి బరువెక్కిన ఆ బట్టల్ని పారిశుద్ధ్య కార్మికులు కర్రలతో లాగి గుట్టలు పోస్తుంటారు. వాళ్లలో మెడలో సిలువ ఉన్నవాళ్లూ కనిపిస్తారు. రెండు నెలలు తిరగ్గానే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. మళ్లీ అవే చీపుళ్లు, అదే బ్లీచింగ్. ఈ కొండ కిందా ఆ కొండ కిందా తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు.

ఈ ఖర్చు మీద బెజవాడలో ఎవరికీ పేచీ లేదు. నాకూ లేదు. లక్షల మంది ఒకచోట చేరినప్పుడు నీళ్లు, మరుగుదొడ్లు, పోలీసులు, అంబులెన్సులు పెట్టడం సర్కారు పని. దేవుడు ఎవరైనా తొక్కిసలాట తొక్కిసలాటే.

పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. ఘాట్ ఊడ్చే డబ్బు వేరు, పూజ చేసేవాడి చేతిలో పెట్టే డబ్బు వేరు. మన రాష్ట్రంలో ఖజానా నుంచి ఇమామ్‌కి నెలకు 10 వేలు, మసీదులో అజా పిలిచే మౌజన్‌కి 5 వేలు, పాస్టర్‌కి 5 వేల గౌరవ వేతనం ఉంది. ఆదాయం లేని చిన్న గుళ్లకు ధూప దీప నైవేద్యం సాయాన్ని 2024లో 5 వేల నుంచి 10 వేలు చేశారు. జెరూసలేం వెళ్లేవాళ్లకు సాయాన్ని 2019లో 40 వేల నుంచి 60 వేలకు పెంచారు, అదీ ఏటా మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు. ఒక పార్టీ మొదలుపెడుతుంది, ఇంకో పార్టీ వచ్చి పెంచుతుంది. తీసేస్తానన్నవాడు మాత్రం ఇంతవరకూ కనపడలేదు.

రాజ్యాంగం ఒప్పుతుందా అంటే, 27వ అధికరణం ఉంది. ఏదో ఒక మతాన్ని పోషించడానికే ప్రత్యేకించిన పన్నును ఎవరి చేతా బలవంతంగా కట్టించకూడదని దాని సారాంశం. ఆ 'ప్రత్యేకించిన' అన్న మాటలోనే సందంతా ఉంది. హజ్ సబ్సిడీ మీద వేసిన కేసులో 2011లో జస్టిస్ మార్కండేయ కట్జూ ధర్మాసనం, వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి పోతే తప్ప ఈ అధికరణాన్ని ఉల్లంఘించినట్టు కాదంది. అంటే కొంచెం కొంచెంగా అందరికీ పంచితే కోర్టు గడప తొక్కే పనిలేదు. మరుసటి ఏడాదే ఇంకో ధర్మాసనం ఆ సబ్సిడీని పదేళ్లలో దశలవారీగా ఎత్తేయమంది, 2018లో కేంద్రం మొత్తానికే ఆపేసింది. అసలు రాజ్యాంగంలోనే 290-ఎ అని ఒకటుంది. కేరళ ఖజానా నుంచి ట్రావెన్‌కోర్ దేవస్వం నిధికి ఏటా 46.5 లక్షలు ఇవ్వాలని రాసిపెట్టారు. కాబట్టి మన దగ్గర గుడికీ గద్దెకీ మధ్య గోడ ఉందనుకోవడం మన భ్రమ. ఉన్నది తలుపు. తాళంచెవి సర్కారు మొలకే ఉంటుంది.

ఆ తాళంచెవి గురించి మాట్లాడదాం. డబ్బు సంగతి తర్వాత.

గుంటూరు శివారులో నాకు తెలిసిన ఒక పాస్టర్ ఉన్నాడు. రేకుల షెడ్డు, నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక డ్రమ్ము, ఆదివారం కానుకల సంచిలో పది, ఇరవై నోట్లు. గౌరవ వేతనానికి దరఖాస్తు పెట్టమని అందరూ పోరుతుంటే కాగితాలన్నీ ఒక రెక్సిన్ సంచిలో వేసుకుని నా దగ్గరికొచ్చాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని. సొసైటీ రిజిస్ట్రేషన్, స్థలం కాగితం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. అన్నిటికీ అడుగున కుల ధ్రువీకరణ పత్రం. దాంట్లో హిందూ, ఎస్సీ అని ఉంది.

"ఇది పెట్టాలా అన్నా, వద్దా?" అన్నాడు.

ఏం చెప్పాలి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి వెళ్తే మన రాష్ట్రంలో బీసీ-సి అవుతారు. ఊళ్లో అతన్ని ఎవరూ బీసీగా చూడరు. అతని షెడ్డు పేటలోనే ఉంది, ఊళ్లోకి రాలేదు. కానీ పాస్టర్ల జాబితాలో పేరెక్కిన మరుక్షణం, తాను క్రైస్తవుణ్నని సర్కారు రికార్డులోనే సంతకం పెట్టినట్టు. కరోనా కాలంలో ఇచ్చిన ఐదు వేల సాయం తర్వాత జరిగిందిదే. సాయం అందుకున్న పాస్టర్లలో ఎస్సీ సర్టిఫికెట్లు ఉన్నవాళ్లెందరో తేల్చమంటూ ఫిర్యాదులు వెళ్లాయి. పేదవాడికి పప్పుబియ్యం కోసమని ఇచ్చిన డబ్బు, అతని పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని వెతుక్కుంటూ వచ్చింది.

రూపాయి లోపలికి రావాలంటే ముందు జాబితా రావాలి. ఎవరు పాస్టరో, ఏది చర్చో, ఏ గుడికి దీపం అవసరమో ఆఫీసులో తేలుస్తారు. సర్కారుకి ఆ లెక్కతో పనేంటి? డబ్బిస్తున్నాం కాబట్టి పనుంది అంటారు. అదే నా భయం.

గుళ్ల విషయంలో ఈ సినిమా మనం ఎప్పుడో చూసేశాం. 1987 దేవాదాయ చట్టంతో వంశపారంపర్య అర్చకత్వం రద్దయింది. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 2007 సవరణతో ఆ హక్కు కొంత తిరిగొచ్చింది. పుట్టుకతో వచ్చే హక్కు పోవడం మంచిదేనని నేననుకుంటాను. కానీ సర్కారు అజమాయిషీతో ఈవో వచ్చాడు, హుండీ లెక్కింపు వచ్చింది, పాలకమండలి పదవులు పార్టీ వాళ్లకు పంపకమయ్యాయి. మూలా నక్షత్రం రోజున ముఖ్యమంత్రి ఇంద్రకీలాద్రికి పట్టువస్త్రాలు తెస్తాడు. 2020లో అదే రోజున కొండచరియలు విరిగిపడ్డాయి, 70 కోట్లు ప్రకటించారు. కొండ బాగుచేయడానికి ఎవరూ కాదనరు. కానీ ఇచ్చే చేయీ అదే, హుండీలో వాటా తీసుకునే చేయీ అదే. పాస్టర్ల ఐదు వేల మీద మండిపడేవాళ్లు పట్టువస్త్రాల దగ్గరికొచ్చేసరికి సంప్రదాయం అంటారు. పాస్టర్లకు ఇవ్వాల్సిందేననేవాళ్లు, గుళ్లకు ఈవో ఎందుకని అడిగితే మొహం చాటేస్తారు.

అమెరికాలో 'చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ' అన్న మాట 1802లో జెఫర్సన్ రాసిన ఉత్తరంతో పేరుపడింది. అంతకు చాలా ముందే, 1644లో, రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడు ఆ పోలిక వాడాడు. ఆయన దృష్టిలో చర్చి ఒక తోట, బయటి లోకం అడవి. అడవి తోటలోకి రాకుండా గోడ కావాలన్నాడు. సర్కారుని మతం నుంచి కాపాడటం కాదు ఆయన బాధ, తోటని కాపాడుకోవడం. ఇప్పుడక్కడా ఆ గోడ పలచబడింది. 2017లో మిస్సోరీలోని ఒక చర్చి బడి ఆటస్థలంలో రబ్బరు పరవడానికి సర్కారు నిధి ఇవ్వననడం తప్పని వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల మోకాళ్లు చెక్కుకుపోకుండా రబ్బరు వేయడం నా లెక్కన ఘాట్ ఊడ్చే పద్దులోకే వస్తుంది. గుంటూరులో ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ, హిందూ కాలేజీ లెక్చరర్లకు ఎయిడెడ్ జీతాలిచ్చిందీ ఆ పద్దు కిందే. చెప్పేది ఫిజిక్స్ అయినంత కాలం కాలేజీ పేరులో ఏ మతముంటే ఏం?

అర్చకుడో, మౌజనో, పాస్టరో పేదవాడైతే, పేదవాడిగా పింఛను ఇవ్వొచ్చు, ఇల్లివ్వొచ్చు, ఆరోగ్యశ్రీ ఇవ్వొచ్చు. ఆ దరఖాస్తుల్లో మతం గడి అక్కర్లేదు. ఇప్పుడున్న వేతనాల్ని రేపే కోసేయమనను, హజ్ సబ్సిడీకి పదేళ్లు గడువిచ్చారు కదా. గుళ్ల మీద అజమాయిషీ కూడా అదే గడువులో తగ్గాలి. లేకపోతే ఒకరి కంచం లాగేసి ఇంకొకరికి విస్తరి వేసినట్టే.

ఆ రోజు పాస్టర్‌కి నేను సూటిగా ఏమీ చెప్పలేకపోయాను. కాసేపు చూసి, కుల పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మిగతా కాగితాలు సంచిలో సర్దాడు. "ఇంట్లో అడిగి చెప్తానన్నా" అని టీవీఎస్ స్టార్ట్ చేశాడు.