కౌంటీ ఫెయిర్ వేలంపాట గారికి

అయ్యా,

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎండాకాలం వచ్చిందంటే, కౌంటీ ఫెయిర్ అనే జిల్లా సంతలో రైతు క్లబ్బుల పిల్లలు పెంచిన పందుల్నీ గొర్రెల్నీ కోడెల్నీ పాటకు పెట్టే తమరికి గుంటూరు జిల్లా రైతుబిడ్డ నమస్కరించి రాయునది.

మొన్న తమరి దర్బారుకొచ్చాను. పదమూడేళ్ల పిల్ల, చేతిలో సన్న బెత్తం, ముందు 260 పౌన్ల పంది. దాని ఒంటిమీద బురద చుక్క లేదు. మా ఊళ్లో పెళ్లికొడుక్కి కూడా అంత శ్రద్ధగా తలంటరు. బయట మార్కెట్లో బతికున్న పంది ధర పౌనుకు డాలరు దాటడమే గగనం. తమరి దగ్గర నాలుగు దాటింది! పోటీపడింది ఊరి బ్యాంకు మేనేజరు, ట్రాక్టర్ల డీలరు. ఇద్దరికీ పంది అక్కర్లేదు. గెలిచినాయన పిల్లతో ఫొటో దిగి, పందిని కబేళా లారీకి వదిలేసి వెళ్లిపోయాడు.

రైతు సరుకు కోసం బ్యాంకు మేనేజరు పాట పెంచడం నేను కనీవినీ ఎరగను. మా వైపు బ్యాంకువాళ్లు వేలం వేసేది రైతు భార్య నగల్ని.

ఈ పిల్లల చేత జంతువుల్ని పెంచించే క్లబ్బుల పుట్టుక తమరికి తెలియనిది కాదు. 1902లో ఇదే ఒహాయోలో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఏ.బి. గ్రాహం అనే బడుల సూపరింటెండెంటు పిల్లల్ని పోగేసి మొక్కజొన్న సాగు, మట్టి పరీక్ష నేర్పాడు. అదే తర్వాత ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బుల సంస్థ అయింది. యూనివర్సిటీ చెబితే వినని తండ్రులు పిల్లలు చేసి చూపిస్తే వింటారని ఆ రోజుల్లో ఆశ. మరి తమరి పాట చూసి తండ్రులు నేర్చుకోవాల్సిందేమిటి? గిట్టుబాటు ధర కావాలంటే వయసు పదమూడు దాటకూడదనా?

ఆ పిల్ల రికార్డు పుస్తకం కూడా చూశాను. దాణా ఎన్ని పౌన్లు, ఎంతకు కొన్నారు, పంది రోజుకెంత పెరిగింది, అన్నీ ఉన్నాయి. ముచ్చటేసింది. చివర్లో లాభం గడి కూడా నిండింది. మా నాన్న అలాంటి పుస్తకం రాసుంటే పెన్ను అక్కడే ఆగిపోయేది. గుంటూరు మిర్చి యార్డులో తేమ ఉందని ఇంత, తాలు ఉందని ఇంత కోసేశాక ఆ గడిలో ఏం రాస్తాడు?

గుర్రాల క్లబ్బు పిల్లలు తమరి గడప తొక్కరు. గుర్రానికి పిత్తాశయం ఉండదని క్విజ్‌లో ఠక్కున చెప్పేస్తారు గానీ గుర్రాన్ని మాత్రం అమ్మరు. ఏడాది పొడుగునా గడ్డి, నాడాలు, డాక్టరు బిల్లు. చివరికి ఓ నీలం రిబ్బను. ఖర్చే తప్ప రాబడి లేదు. సేద్యం గురించి అసలు సంగతి వాళ్లకే ముందు తెలుస్తుందేమో!

కాబట్టి చిన్న మనవి. వచ్చే ఏడు ఒక్క పందినైనా ఆనాటి మార్కెట్ ధరకే పాట ముగించి అమ్మండి. కమీషను, కాటా కూలి, తరుగు తీసేసి మిగిలింది పిల్ల చేతిలో పెట్టండి. కొన్నవాళ్లకి పిల్లలు కృతజ్ఞతా లేఖ రాయాలనే నియమం ఉంది చూశారూ, ఆ ఒక్క పిల్లకీ దాన్ని మినహాయించండి.

ఇట్లు,
చివరి బెంచీలో కూర్చున్న తెలుగాయన