కోపం దొంగల మీద, వేటు కాల్స్ మీద

ఫోన్ మోగుతుంది. అవతలివాళ్లు ఎత్తుతారు. మాట మాత్రం వినిపించదు. వినిపించినా రేకు డబ్బాలోంచి వచ్చినట్టు గరగరమని రెండు ముక్కలు, ఆ తర్వాత నిశ్శబ్దం. రష్యాలో 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్ ఇలా తయారయ్యాయి. ఇది సిగ్నల్ సమస్య కాదు. అక్కడి నియంత్రణ సంస్థ రాస్‌కామ్‌నాడ్జర్ తెలిసి పెట్టిన ఆంక్ష. మోసగాళ్లు ఈ కాల్స్‌తోనే జనాన్ని దోచుకుంటున్నారని, విధ్వంసానికి మనుషుల్ని లాగుతున్నారని ఆ సంస్థ చెప్పింది. డిసెంబరులో ఐఫోన్లలో ఉండే కాలింగ్ యాప్ ఫేస్‌టైమ్ వంతు వచ్చింది. అప్పుడూ దాదాపు ఇదే మాట.

ఆ మాటనే మేము నమ్మడం లేదు.

మోసాలు నిజం, ఒక్క కాల్‌తో జీవితకాలం పొదుపు పోగొట్టుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, వాళ్లను కాపాడాల్సింది ప్రభుత్వమే అన్న వాదనలో తప్పు లేదు. కానీ మామూలు ఫోన్ లైన్ల మీద మోసాలు జరగడం లేదా? బ్యాంకు నుంచి అంటూ, పోలీసులం అంటూ దశాబ్దాలుగా జరుగుతూనే ఉన్నాయి. అందుకని ఏ ప్రభుత్వమైనా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు తాళం వేసిందా? వేయదు. ఆ లైన్లను ప్రభుత్వం వినగలదు. వాట్సాప్ కాల్స్ 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో, అంటే మాట్లాడే ఇద్దరికి తప్ప ఎవరికీ అర్థం కాని సంకేతాలతో నడుస్తున్నాయి, మధ్యలో కంపెనీకి కూడా వినడం సాధ్యం కాదు. అసలు ఇబ్బంది అక్కడుంది. మోసం ఒక సాకు.

సాకు అని ఎందుకంటున్నామో తేదీలు చూస్తే తెలుస్తుంది. 2025 జూన్‌లో జాతీయ మెసెంజర్ కోసం చట్టం వచ్చింది. ఆగస్టులో పోటీ యాప్‌ల కాల్స్ పడిపోయాయి. సెప్టెంబరు 1 నుంచి రష్యాలో అమ్మే ప్రతి కొత్త ఫోన్‌లో మాక్స్ అనే స్వదేశీ యాప్ ముందే ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. దొంగలు వాట్సాప్‌లో మాత్రమే ఉంటారా? జనం ఏ యాప్‌కు మారితే దొంగ కూడా ఆ యాప్‌కే మారతాడు.

సాకు దేశానికొకటి. 2016 జనవరిలో మొరాకో టెలికం కంపెనీలు ఇంటర్నెట్ కాల్స్ ఆపేశాయి. అక్కడ చెప్పిన కారణం లైసెన్సు లేదని. అదే ఏడాది నవంబరులో మరాకేష్‌లో వాతావరణ సదస్సుకు ప్రపంచమంతా దిగే వేళకు ఆంక్ష ఎత్తేశారు. పది నెలలు సొంత జనానికి దొరకని సౌకర్యం అతిథులు వచ్చేసరికి దొరికింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ లో అనుమతి పొందిన యాప్‌లకే దారి. కరోనా వచ్చి స్కూళ్లు, ఆఫీసులు ఇళ్లకు చేరాక మాత్రం జూమ్, టీమ్స్ వంటివాటికి తలుపు తెరిచారు. అవసరం తమదైనప్పుడు ప్రమాదం ఎటు పోయింది?

కాల్‌ను చంపడం ఎంత తేలికో కూడా చెప్పాలి. మెసేజ్ పది సెకన్లు ఆలస్యమైనా మెసేజే. మాట అలా కాదు. అది సాధారణంగా సెకనుకు 50 చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వెళ్తుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడటం మొదలవుతుంది. అందుకే యాప్‌ను పూర్తిగా నిషేధించాల్సిన పని లేదు. కొన్ని ప్యాకెట్లను దారిలో రాలగొడితే చాలు. యాప్ ఉంటుంది, మెసేజ్‌లు వెళ్తుంటాయి, నిషేధం ఎక్కడుందని అడగొచ్చు. కాల్ మాత్రం పనికిరాదు. ఇంటర్నెట్ బాగోలేదేమో అనుకుని మనిషి తన ఫోన్‌నే తిట్టుకుంటాడు.

అందరికంటే పెద్ద దెబ్బ ఎవరికో ఈ చర్చలో ఎవరూ అడగడం లేదు. సైగల భాషలో మాట్లాడే బధిరులకు వీడియో కాలే టెలిఫోన్. వంద ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఫోన్‌లో మాట్లాడుతుంటే వాళ్లు చూస్తూ కూర్చున్నారు. సైగల్లో వేళ్ల కదలిక ఎంత ముఖ్యమో, ముఖంలో భావం అంతే ముఖ్యం. బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుంటే చెయ్యి సగంలో ఆగిపోయి కనిపిస్తుంది, వాక్యం పోతుంది. వినేవాళ్లకు మామూలు లైన్ అయినా మిగులుతుంది. వీళ్లకు అక్షరాలు టైప్ చేసుకోవడం తప్ప ఏమీ మిగలదు. మోసగాణ్ని ఆపామని చెప్పుకునేవాళ్లు ఆపింది ఎవరినో చూడాలి.

ఒకసారి బిగించిన యంత్రం ఖాళీగా ఉండదు. 2019లో రష్యా చట్టం చేసి ఇంటర్నెట్ కంపెనీల నెట్‌వర్క్‌లలో ట్రాఫిక్‌ను వడగట్టే పరికరాలు పెట్టించింది. బయటి ముప్పు నుంచి రక్షణకే అన్నారు. 2021లో వాటితోనే ట్విటర్‌ను నెమ్మదింపజేశారు. నాలుగేళ్లకు అమ్మతో మాట్లాడుకునే కాల్ దాకా వచ్చారు. ఈ దారి తెలిసిన ఏ ప్రభుత్వానికైనా రేపు సాకు దొరకడం కష్టం కాదు, అది ఎన్నికలు కావచ్చు, పరీక్ష పేపరు లీకు కావచ్చు.

కాల్స్ ఆపకండి, మేము వినేందుకు ఒక కిటికీ మాత్రం పెట్టండి అనేవాళ్లూ ఉన్నారు. ఆ కిటికీ ఏమవుతుందో 2024లో అమెరికా చూసింది. సాల్ట్ టైఫూన్ అని పిలిచే హ్యాకర్లు, చైనాకు చెందినవాళ్లని అమెరికా చెబుతోంది, టెలికం కంపెనీల్లో చొరబడ్డారు. కోర్టు ఉత్తర్వులతో పోలీసులు అడిగిన సమాచారాన్ని సైతం కాపీ చేసుకుపోయారు. అప్పుడు అక్కడి సైబర్ భద్రతా సంస్థ ముప్పు ఎక్కువున్న ఉన్నతాధికారులకు ఇచ్చిన సలహా ఏమిటి? ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే వాడమని. అధికారికి మంచిదైనది మామూలు మనిషికి నేరమెలా అవుతుంది?

కంపెనీలూ తప్పించుకోలేవు. ఫిర్యాదు చేసినా మోసగాళ్ల ఖాతాలు రోజుల తరబడి బతికుంటున్నాయి. కానీ దోచిన డబ్బు చాలాసార్లు చేరేది ఏదో ఒక బ్యాంకు ఖాతాకే, ఆ ఖాతా తెరిచింది ఎవరో ఒకరి పేరుతోనే. పోలీసులు ఓపికగా పట్టుకోవాల్సింది అక్కడ. ఆ కష్టం పడలేక కోట్ల మంది కాల్స్ కోయడాన్ని భద్రత అనకండి. రష్యాను చూసి ఇదేదో బాగుందని ఫైళ్లు కదిపే అధికారులెవరైనా ఉంటే, ముందు ఒక్క వారం తమ సమీక్షలు, సమావేశాలు వీడియో కాల్ లేకుండా నడిపి చూపించాలి. అదే చేతకానివాళ్లకు, చేతులతో మాట్లాడే మనిషి ముందు తెర ఆర్పే హక్కు ఎవరిచ్చారు?