సవరణ: డేలీ వాటర్స్ పబ్ దగ్గర క్యారవాన్ బస

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలోని డేలీ వాటర్స్ పబ్ దగ్గర క్యారవాన్‌తో (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) బస చేయడం గురించి ముందు పోస్టులో రాసినవాటిలో మూడు మార్చుకోండి.

పబ్ హైవే పక్కనే ఉందన్నది సరికాదు. స్టూవర్ట్ హైవే నుంచి మలుపు తిరిగి సుమారు 3 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి.

"సాయంత్రం ఎప్పుడు చేరినా చోటు దొరుకుతుంది" అన్నదీ తీసేయండి. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం, రద్దీ. క్యారవాన్ నిలిపే చోట్లలో కరెంటు ఉన్నవి త్వరగా నిండిపోతాయి. మధ్యాహ్నానికే చేరండి. చీకటి పడ్డాక కంగారూలు, పశువులు రోడ్డు మీదికొస్తాయి. క్యారవాన్ లాగే బండి చటుక్కున ఆగదు.

అసలు ముఖ్యమైనది కరెంటు వైరు. ఇంట్లో వాడే 10 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ చాలునన్నది తప్పు. అక్కడి క్యారవాన్లకు 15 ఆంపియర్లది కావాలి. దాని ఎర్త్ పిన్ వెడల్పు, కాబట్టి 10 ఆంపియర్ల సాకెట్‌లో దూరదు. పిన్ను ఆకురాయితో అరగదీసి దూర్చేవాళ్లున్నారు, ఆ పని మాత్రం వద్దు. 2,200 వాట్ల కెటిల్ ఒక్కటే 230 వోల్టుల దగ్గర తొమ్మిదిన్నర ఆంపియర్లు లాగుతుంది. దానితోపాటు ఏసీ కూడా నడిస్తే 10 ఆంపియర్ల వైరు వేడెక్కి కాలిపోవచ్చు. సరైన వైరైనా చుట్ట మొత్తం విప్పి పరవండి. చుట్టలో వేడి బయటికి పోదు, ఇన్సులేషన్ మెత్తబడుతుంది.

బార్‌లో బ్రాలు, నంబరు ప్లేట్లు వేలాడుతుంటాయని ముందు పోస్టులో రాసింది మాత్రం నిజమే. 1930లలో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ విమానాలు ఇంధనానికి ఆగిన ఎయిర్‌ఫీల్డ్ కూడా ఊరి దగ్గరే ఉంది.