ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు: డయాలసిస్ లెక్కల్లో కలవని ఖర్చు

వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 156 సార్లు. దగ్గరి కేంద్రంలో షిఫ్టు దొరక్క ములుగు జిల్లా ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ రావాల్సి వస్తే ఒకవైపే సుమారు వంద కిలోమీటర్లు. యంత్రం మీద నాలుగు గంటలు, దారిలో అంతకంటే ఎక్కువే. రోగికీ, తోడొచ్చినవారికీ ఆ రోజు కూలి పోయినట్టే. కొత్త యంత్రాలు ఎక్కడ పెట్టాలో తేల్చే ఆర్థిక నమూనా ఆసుపత్రి బిల్లు దగ్గరే ఆగిపోతే, ఈ ఖర్చంతా సున్నా అయిపోతుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది, ఎవరి జేబు లెక్క అన్నది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ రేటు ప్రభుత్వం చెల్లించే ధర మాత్రమే, అసలు ఖర్చు వేరు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం కాబట్టి ప్రయాణ ఖర్చూ లేదనుకోవడం ఇంకో పొరపాటు. ఇంటి లెక్కలో అది తగ్గింది నిజమే, కానీ ఆ బస్సు నడిపే ఖర్చును సమాజం భరిస్తూనే ఉంది. మన దేశపు ఆరోగ్య సాంకేతికతల మదింపు సంస్థ హెచ్‌టీఏ-ఇన్ సమాజం వైపు నుంచే లెక్క కట్టమంటోంది.

అలాగని ప్రతి మండలంలో కేంద్రం పెట్టేయమని కాదు. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు నడిస్తే ఒక యంత్రం ఆరుగురికి సరిపోతుంది. ఇద్దరే ఉంటే సిబ్బంది, నీటిని శుద్ధి చేసే ఆర్‌వో ప్లాంటు వంటి స్థిర ఖర్చు ఒక్కో డయాలసిస్‌కు మూడింతలు పడుతుంది. ఒక్కసారికే దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి.

నమూనాలు ఎక్కువగా బోల్తా కొట్టేది హాజరు దగ్గర. దూరపు కేంద్రానికీ, దగ్గరి కేంద్రానికీ రోగి 156 సార్లూ వస్తాడని రాసేస్తే, దగ్గరి కేంద్రం వల్ల కలిగే అసలు లాభమే కనిపించదు. వానాకాలం వాగులు పొంగి రెండు విడతలు తప్పితే ఒంట్లో నీరు చేరి, ఆయాసంతో అత్యవసర వార్డులో చేరాల్సి వస్తుంది. ఆ ఖర్చూ, ప్రాణాపాయమూ లెక్కలోకి రావాలంటే కేంద్రాల హాజరు రిజిస్టర్లను దూరాన్ని బట్టి, నెలవారీగా చూడాలి.

గణితంలోనూ జారుడు మెట్లున్నాయి. ఐదేళ్లలో మరణావకాశం 30 శాతమైతే ఏడాదికి 6 శాతమని భాగించకూడదు. అలా చేస్తే ఐదేళ్లకు తేలేది 26.6 శాతమే. సరైన అంకె ఏడాదికి సుమారు 6.9 శాతం. భవిష్యత్తు ఖర్చునూ, ఆరోగ్య ఫలితాన్నీ ఏటా 3 శాతం చొప్పున తగ్గించి నేటి విలువకు తేవాలి. ఆ లెక్కన పదేళ్ల తర్వాతి లక్ష రూపాయలు ఇవాళ్టికి సుమారు 74,400. నమూనా ఉన్న ఎక్సెల్ ఫైలులో మరణాల గడిలో సున్నా పెట్టి చూడండి: చివరి ఏడాదికీ అందరూ బతికి ఉండకపోతే ఫార్ములాలో ఎక్కడో తప్పుంది.

ఇక ఒక్క సమాధానం ఇచ్చి ఊరుకోవడం కుదరదు. హాజరు, కూలి, షిఫ్టుల నిండుదనం ఒక్కొక్కటీ మార్చి చూడాలి. ఏ హాజరు దగ్గర నిర్ణయం తారుమారవుతుందో ఆ అంకె నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి. ఎక్సెల్ ఫైలును ఫార్ములాలతో సహా జిల్లా వైద్యాధికారులకూ, డయాలసిస్ టెక్నీషియన్లకూ ఇవ్వాలి. ఏ నెలలో ఎవరు ఎందుకు రాలేకపోయారో తెలిసింది వాళ్లకే.