విడిభాగం దొరకని వైభవం

లాప్‌టాప్ పాడైతే బాగుచేసి ఇవ్వాలని కోరేవాళ్లు దేశంలో పెరిగిపోతున్నారు. ఇది మంచి పరిణామం కాదు. రెండు లక్షలు పోసి ప్రాసెసర్, మెమరీ, స్క్రీను, చివరికి కీబోర్డులో వెలిగే రంగులు కూడా ఏరి కోరి చేయించుకున్నవాళ్లే సామాన్యుల్లా రిపేరు ఊసెత్తడం మరీ విచారకరం.

కొనేటప్పుడు కంపెనీ ఏమన్నది? "ఇది ప్రత్యేకంగా మీ కోసమే తయారవుతోంది సార్" అన్నది. మీ కోసమే తయారైనదానికి విడిభాగాలు ఊరందరి దగ్గరా ఎందుకుంటాయి? గిట్టనివాళ్లు కొందరు, ఇలాంటి చాలా లాప్‌టాప్‌ల డబ్బా తైవాన్‌లోని క్లెవో లాంటి సంస్థలదేననీ, అదే డబ్బా మీద ఒక్కో దేశంలో ఒక్కో పేరు అతికిస్తారనీ అంటారు. నిజమే. అయినా ఒకే డబ్బా అమ్మేటప్పుడు మీ ఒక్కరిదిగానూ, పాడైనప్పుడు ఎవరిదీ కానిదిగానూ మారడం సామాన్యమైన విద్యా?

సర్వీస్ సెంటరులో పద్ధతి అంటే ఏమిటో చూసి నేర్చుకోవాలి. అక్కడి కుర్రవాడు నా లాప్‌టాప్ ఆన్ చేసి చూడలేదు. ముందు దాన్ని తిరగేసి, మూత మీద గీతలు, కుడి మూల సొట్ట, ఊడిపోయిన రబ్బరు కాలు అన్నీ జాబ్ షీటులో పూసగుచ్చినట్టు రాశాడు. 'ఆన్ కావడం లేదు' అన్నది చివర్న, మిగిలిన కాస్త చోటులో ఇరికించాడు. డేటా పోతే తమకు బాధ్యత లేదన్న వాక్యం కింద సంతకం పెట్టమన్నాడు. పెన్నును దారంతో కౌంటరుకు కట్టారు. ఆ గదిలో పోకుండా జాగ్రత్త పడిన వస్తువు అదొక్కటే.

ఇక రోగ నిర్ధారణ. ఏ జబ్బుకైనా, లోపలి భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డే మార్చాలి. కొత్త లాప్‌టాప్ ఉమ్మడి కుటుంబం లాంటిది మరి. చాలావాటిలో మెమరీని బోర్డుకే సోల్డర్ చేసి ఊడకుండా అతికిస్తారు, కొన్నిటిలో స్టోరేజీనీ అంతే. కొన్నిటిలో బ్యాటరీని జిగురుతో అంటిస్తారు. కొన్ని మోడళ్లలో ఒక్క మీట పనిచేయకపోతే కీబోర్డుతో పాటు, ఏ పాపం ఎరుగని బ్యాటరీ, పై కవరు కూడా కలిసే సెలవు తీసుకుంటాయి. ఎస్టిమేటు చూశాక, కొత్తది కొనడమే మేలని మనంతట మనమే అనేస్తాం. కంపెనీ ఎవరినీ బలవంతం చేయదు.

ఈ క్రమశిక్షణకు పెద్ద ముప్పు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట్ల పొంచి ఉంది. అక్కడ ఇరుకు దుకాణంలో ఒకాయన బోర్డును మైక్రోస్కోపు కింద పెట్టి, మల్టీమీటరు ముల్లుతో తడుముతూ, షార్టయిన కెపాసిటరు అనే చిన్న భాగాన్ని పట్టేస్తాడు. వేడిగాలితో దాన్ని లేపి, ఏదో పాత బోర్డు నుంచి తీసిన మరొకటి అతికిస్తాడు. టీ చల్లారేలోపు లాప్‌టాప్ లేచి కూర్చుంటుంది. డేటా కూడా ఉంటుంది! ఇలాంటి అరాచకాన్ని అరికట్టడానికే 2009లో ఆపిల్ ఐదు రేకుల స్క్రూలు తెచ్చింది. మామూలు స్క్రూడ్రైవరుకు అవి లొంగవు. సీలు చిరిగితే వారంటీ పోతుందన్న స్టిక్కర్లు వెలిసిందీ అందుకే. అలాంటి షరతులు చట్టవిరుద్ధమని 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీలను హెచ్చరించింది. అమెరికా ఇలా ఎందుకు దిగజారిందో తెలియదు.

మన ప్రభుత్వమూ తొందరపడింది. 2022 జులైలో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. అందులో సమాచారం దొరుకుతుంది. విడిభాగం దొరుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు కనుక ప్రమాదమేమీ లేదు.

విమర్శకులకు నా సలహా ఒకటే. కొనేటప్పుడే రెండు కొనండి, రెండోది విడిభాగాల కోసం. నాలుగు నెలలు ఆగితే ఆ మోడలే ఉండదు. అయితే రెండోదాన్ని విప్పి మొదటిదానికి బిగిస్తే రెండింటి వారంటీ పోతుంది కదా అని కస్టమర్ కేరును అడిగాను. ఆ అమ్మాయి ఓపికగా విని, రెండింటికీ ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంది.