‘ఇదొక్కటే చాలు’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘ఇదొక్కటే చాలు’ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మిమ్మల్ని నాకు పరిచయం చేసినది మా బావమరిది. “శ్వాస మీద ధ్యాస పెట్టండి బావగారూ, ఇదొక్కటే చాలు, జ్ఞానోదయం దానంతటదే అవుతుంది” అన్నాడు. అంతకుముందు ఏడాది జపం ఒక్కటే చాలన్నాడు, ఆ ముందటేడు కుండలిని ఒక్కటే చాలన్నాడు. పద్ధతులు మారుతున్నా అతని నోట మీరు మాత్రం మారలేదు కనుక, అసలు గురువు మీరేనని గ్రహించి ఈ లేఖ మీకే వ్రాస్తున్నాను.

శ్వాసతో నాకు పేచీ లేదు. రెండేళ్లుగా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చుంటున్నాను, రాత్రిళ్లు నిద్ర బాగా పడుతోంది. మొన్న గంటకు పైగా కదలక మెదలక కూర్చుని, లోకమంతా నా వాళ్లేనన్నంత ప్రశాంతతతో తలుపు తీసేసరికి, పాలప్యాకెట్టు మూలన చిల్లుపడి, గుమ్మం ముందు ముగ్గు మీదుగా పాలు కారుతున్నాయి. పాలబ్బాయిని నేనన్న మాటలు రెండంతస్తుల కిందికి వినిపించాయట. మా ఆవిడ తడిగుడ్డతో గుమ్మం తుడుస్తూ, “ఇంకో పావుగంట కూర్చోవలసింది” అంది.

ఆ గుడ్డను చూస్తే బుద్ధుని శిష్యుడు, చూళపంథకుడనే భిక్షువు గుర్తుకు వచ్చాడు. నాలుగు నెలలు శ్రమించినా ఒక్క గాథ కంఠస్థం కాక, సొంత అన్నగారే సంఘం నుంచి పొమ్మంటే, బుద్ధుడు అతని చేతికి తెల్లని గుడ్డముక్క ఇచ్చి ‘రజోహరణం’, అంటే ‘మురికి తొలగించేది’, అంటూ తడుముతూ ఉండమన్నాడనీ, అది చేతిలో మాసిపోవడం చూస్తూ అతడు అర్హతుడయ్యాడనీ, అంటే ముక్తి పొందాడనీ, పాళీ అట్ఠకథలు (బౌద్ధ గ్రంథాల వ్యాఖ్యానాలు) చెబుతాయి. ఇది మీ పక్షాన సాక్ష్యమే, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ గుడ్డ ఆ మనిషిని చూసి ఇచ్చినది. మిగిలిన భిక్షువులకు తలా ఒకటి పంచలేదు. అదే మీ చేతికి చిక్కి ఉంటే ఈపాటికి వీధికొక గుడ్డ ధ్యాన కేంద్రం వెలిసి, నూలుగుడ్డా పట్టుగుడ్డా అన్న వివాదం మీద అది రెండుగా చీలి కూడా ఉండేది.

బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు ‘విశుద్ధిమార్గం’లో 40 కర్మస్థానాలు, అంటే ధ్యాన విషయాలు, చెప్పి, ఏది ఎవరి స్వభావానికి తగునో కూడా విడదీశాడు. శ్వాస మోహచరితునికీ (మందమతికీ), వితర్కచరితునికీ (ఆలోచనలు తెగనివాడికీ) తగినదట. ద్వేషచరితునికి, అంటే నావంటి కోపిష్టికి, మైత్రీభావన వంటివి చెప్పాడు. ఆ లెక్కన రెండేళ్లుగా నేను పక్కింటివాళ్ల మందు మింగుతున్నాను. పతంజలి అయితే మీ ముఖమే చూడలేదు. యోగసూత్రాల మొదటి భాగమైన సమాధిపాదంలో శ్వాస మాట వచ్చే 34వ సూత్రం నుంచి వరుసగా ఆరు సూత్రాలలో ‘వా’, అంటే ‘లేదా’, ‘లేదా’ అంటూ పోయి, 39వ సూత్రంలో ‘యథాభిమతధ్యానాద్వా’, నచ్చినదానిని ధ్యానించవచ్చునని వదిలేశాడు. పైగా ఆయన ఎనిమిది అంగాలలో ధ్యానం ఏడవది. మొదటిదైన యమంలో మొదటి మాట అహింస. నా బండి పాలబ్బాయి దగ్గర ఆగిపోయినది అక్కడే.

మీ తరఫు వకీళ్లు, ఎరుకను నిలపడం గురించి బుద్ధుడు చేసిన బోధ అయిన సతిపట్ఠాన సుత్తంలోని ‘ఏకాయన’ అన్న మాటను చూపుతారని తెలుసు. దానిని ఏకైక మార్గమనేవారున్నారు, సూటిగా పోయే మార్గమనేవారూ ఉన్నారు. ఏదైనా సరే, ఆ సుత్తంలో కాయం, వేదన (అనుభూతి), చిత్తం, ధర్మాలు (మనసుకు తోచే విషయాలు) అని నాలుగు పట్టులున్నాయి, శ్వాస వాటిలో మొదటిదానికి మొదటి మెట్టు మాత్రమే. మెట్టు దగ్గరే చెప్పులు విడిచి, ఇదే గర్భగుడి అని హారతి పళ్లెం పట్టుకున్న ఘనత మీది.

రేపు కూడా నాలుగున్నరకు కూర్చుంటాను. దయచేసి మీరు రావద్దు, శ్వాస వస్తే చాలు. ఆరింటికి పాలబ్బాయి వస్తాడు, అతనితో నాకు వేరే పని ఉంది.

ఇట్లు,
మూడవ అంతస్తు ద్వేషచరితుడు