దుంప వండటం సిలబస్‌లో పెట్టొచ్చా?

ఎమ్మెస్సీ, ఎంఏ విద్యార్థులకు ‘ఆదివాసీ విజ్ఞానం’ పేరుతో నాలుగు క్రెడిట్ల పేపరు పెట్టాలన్న ప్రతిపాదన మీద ఇద్దరు అధ్యాపకుల వాదన ఇది. ఇద్దరూ కల్పితమే. నా మొగ్గు ఎటో దాచను, చదివితే మీకే తెలుస్తుంది.

బోటనీ సార్: ఎత్నోబోటనీ, అంటే జనం మొక్కల్ని ఎలా వాడతారో చెప్పే యూనిట్, ఎప్పటినుంచో ఉందిగా మేడమ్. మళ్లీ వేరే పేపరు దేనికి?

ఆంత్రోపాలజీ మేడమ్: ఆ యూనిట్‌లో ఏముంది సార్? మొక్క శాస్త్రీయ నామం, కుటుంబం, ‘గిరిజనులు ఆహారంగా వాడతారు’ అని ఒక ముక్క. డయోస్కోరియా హిస్పిడా అనే అడవి దుంపనే తీసుకోండి. పట్టికలో ‘ఉడికించి తింటారు’ అని రాసి ఊరుకుంటాం. అది నమ్మి ఉడకబెట్టుకు తిన్నవాడు ఆసుపత్రిలో తేలతాడు. అందులో డయోస్కోరిన్ అనే విషం ఉంది. నరాల మీద పనిచేస్తుంది, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. నీళ్లలో కరిగే విషం కనుక దాన్ని నీళ్లతోనే వదిలించాలి. తొక్క తీసి, పల్చటి చక్రాలుగా తరిగి, బుట్టకెత్తి పారే నీళ్లలో రోజుల తరబడి ఉంచుతారు. చక్రం మందమైతే లోపలి విషం బయటికి రాదు. నిలవ నీళ్లలో వేస్తే కరిగిందంతా దాని చుట్టూనే ఉండిపోతుంది, నీళ్లు మారుస్తూ పోవాలి. వండటం ఆ తర్వాతే. ఎంత మందం, ఎన్నాళ్లు, వాగు సన్నబడితే ఇంకెన్నాళ్లు అన్నది చెయ్యి తిరిగినవాళ్ల లెక్క. ఆ లెక్క అక్కడే వదిలేసి, మనం పేరొక్కటే ఎత్తుకొచ్చాం.

సార్: సరే, ఆ విషమేదో విడదీసి చూపింది ల్యాబే కదా?

మేడమ్: ల్యాబ్ కారణం చెప్పింది. తిని బతికినవాళ్లకి పద్ధతి అంతకుముందే తెలుసు.

సార్: అయితే తపసి చెట్టు నుంచి తీసే జిగురు సంగతి చెప్పండి. గొడ్డలితో మానుని లోతుగా నరికి తీసేవాళ్లు. గాయం మానక చెట్లు చచ్చిపోయేవి. పైపైన చిన్న గాటు పెట్టి, దాన్నే కొద్దికొద్దిగా పెంచే పద్ధతి బయటివాళ్లు శిక్షణ ఇచ్చాక వచ్చింది. అడవిలో చేసేదంతా విజ్ఞానమేనా?

మేడమ్: కాదు. ఆ జిగురుకి గిరాకీ బయటి మార్కెట్‌దే అనుకోండి, అయినా చెట్టు చచ్చిన మాట నిజం. దుంప పాఠం పక్కనే ఆ గొడ్డలి గాటూ ఉండాలి. కానీ సార్, మొక్కల్ని ఎండబెట్టి అతికించే మీ హెర్బేరియం షీట్ల మీద సేకరించినవాడి పేరు, నంబరు, తేదీ, చోటు ఉంటాయి. మొక్కని చూపించిన మనిషి పేరేదీ?

సార్: రాస్తే రేపు కంపెనీ ఏజెంటు నేరుగా అతని గుమ్మంలోనే దిగుతాడు. మంచిదేనా?

మేడమ్: రాయాలా వద్దా అని అతన్నే అడగొచ్చుగా!

సార్: అడిగామనే అనుకోండి. కేరళ అగస్త్యమలలో 1987లో కాణి తెగవాళ్లు శాస్త్రవేత్తలకి ఆరోగ్యపచ్చ మొక్క చూపించారు. దాంతో చేసిన ‘జీవని’ మందు లైసెన్సు 10 లక్షలకి ఇచ్చి, వచ్చినదాన్లో సగం తెగకి అన్నారు. ఇంత చేసినా, ఎవరినడిగి చెప్పారని కాణి వైద్యుల్లోనే కొందరు అభ్యంతరపెట్టారు. మీ క్లాసు నోట్సు ఎవరి చేతికి పోతుందో ఎవరు చూస్తారు?

మేడమ్: అందుకే మందుల జోలికి పోను. సిలబస్ గ్రామసభ ముందు పెట్టాలి, తీసేయమన్నది తీసేయాలి. ఒప్పుకున్నవాళ్లు తర్వాత వద్దన్నా ఆ పాఠం ఆపాలి.

సార్: సెమిస్టర్ మధ్యలోనా? పిల్లల మార్కులు?

మేడమ్: చిక్కే. ప్రతి యూనిట్‌కీ బదులు యూనిట్ ఒకటి ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

సార్: ఇంతకీ పాఠం చెప్పేదెవరు? మీరా?

మేడమ్: నేనెందుకు? దుంప తరిగే ఆవిడే చెప్పాలి, జీతం తీసుకుని. యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పోస్టుకి డిగ్రీ తప్పనిసరి కాదు, తన పనిలో నిరూపించుకున్న నైపుణ్యం, కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలు.

సార్: దానికి గడువు మూడేళ్లు. మహా అయితే ఇంకో ఏడాది పొడిగిస్తారు. ఆ తర్వాత?

మేడమ్: ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లలు మామూలు అధ్యాపక పోస్టుకే దరఖాస్తు పెడతారు. అప్పటికి వాళ్లకి పీహెచ్‌డీ కూడా ఉంటుంది, ఇంక మీకు అభ్యంతరం ఉండదుగా!